బర్నబా లేని జట్టు



ఒక శనివారం సాయంత్రం జపమాల ముగిసిన తరువాత మా విచారణకు చెందిన ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని గురుమందిరానికి వచ్చింది. కుర్రవాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, పూజలో పీఠసేవ చేస్తాడు. "ఫాదర్ గారూ, వీడు రాత్రిపూట చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఎవరినో నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. మా ఇంట్లో ఎవరమూ అలాంటి మాటలు ఆడం. మీరే బుద్ధి చెప్పండి" అంది. ఇది పాపసంకీర్తనంలో విన్న సంగతి కాదు. వరండాలో కూర్చొని మాట్లాడుకున్నది. వ్రాయడానికి ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు కూడా.

ఆ ఆట ఏమిటో చూపించమన్నాను. బీజీఎంఐ అంటారట. నూరుమంది పారాచూట్లతో ఒక దీవిలో దిగుతారు. నలుగురు నలుగురుగా జట్లు. చివరిదాకా మిగిలిన జట్టుది గెలుపు. జట్టులో ఒకడు దెబ్బతిని కూలితే వెంటనే చావడు, పాకుతూ ఉంటాడు. తోటివాడు దగ్గరకు వచ్చి కొద్ది సెకన్లు ఆగితే లేస్తాడు. ఎవరూ రాకపోతే అంతే. స్నేహితులు నలుగురూ లేనప్పుడు ముక్కూమొహం తెలియనివారిని ఆటే జతచేస్తుంది. వారిలో ఆరితేరినవాడూ ఉండవచ్చు, నిన్ననో మొన్ననో మొదలుపెట్టినవాడూ ఉండవచ్చు. ఆ కొత్తవాణ్ణి 'నూబ్' అంటారు. బిరుదు కాదు, తిట్టు.

ఆ వారం వీరి జట్టులోకి ఒక పసిగొంతు వచ్చిందట. ఎటు వెళ్లాలో తెలియక, దాక్కోవలసిన చోట తుపాకి పేల్చాడు. శత్రువులు వచ్చి ఇద్దర్ని పడగొట్టారు. ఇక తిట్లు మొదలు, తల్లిని కూడా కలిపి. ఆ పిల్లవాడు "సారీ అన్నా, సారీ అన్నా" అంటూనే ఉన్నాడు. చివరికి తానూ కూలిపోయాడు. పక్కనే ఉన్న మనవాడు లేపలేదు, నిలబడి చూశాడు.

"ఆ గొంతు మా తమ్ముడి గొంతులా ఉంది ఫాదర్" అన్నాడు, తల వంచుకొని. క్షమాపణ చెబుదామంటే ఆ పొడుగాటి వింత పేరు గుర్తులేదు. ఏ ఊరో తెలియదు. మళ్లీ ఎదురుపడితే పోల్చుకోనూ లేడు.

తల్లి కోరింది ఫోను లాక్కోమని. వేళలు కట్టడి చేయవలసిందే, నేను కాదనను. 2025లో పునీతుడిగా ప్రకటించబడిన కార్లో అకూటిస్ కూడా వీడియో ఆటలు ఆడినవాడే, కానీ తనకు తానే హద్దు పెట్టుకున్నాడు. అయితే ఫోను లాక్కుంటే ఆ పసివాడికి జరిగిన అన్యాయం సరిదిద్దబడుతుందా? సోదరుణ్ణి వెర్రివాడా అని పిలిచేవాడు నరకాగ్నికి గురవుతాడని మత్తయి సువిశేషం 5వ అధ్యాయంలో ప్రభువు హెచ్చరించారు. ఎదుట నిలబడి అంటేనే లెక్క, దూరం నుండి అంటే లేదు అని ఆయన మినహాయింపు ఇవ్వలేదు.

పెద్ద గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అక్వినాసు పునీత తోమాసుగారి మహాగ్రంథంలో ఆటల గురించి కూడా ఒక ప్రశ్న ఉందని తెలిసి మేము నవ్వుకున్నాం. ఆటలో కూడా ఒక సుగుణం ఉందంటారాయన. ఆటలో మితిమీరడం తప్పే, తాను ఉల్లాసపడక ఇతరుల ఉల్లాసానికి అడ్డుపడడమూ తప్పే. అప్పుడు నవ్వాం గాని, ఈ కుర్రవాడి ముందు అది గుర్తుకు వచ్చినప్పుడు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం అతనితో అపోస్తలుల కార్యములు 9వ అధ్యాయం చదివించాను. సౌలు యెరూషలేముకు వచ్చి శిష్యులతో చేరబోతే అందరూ భయపడ్డారు. నిన్నటిదాకా హింసించినవాడు మరి! బర్నబా ఒక్కడే అతణ్ణి వెంటబెట్టుకొని అపోస్తలుల వద్దకు తీసుకుపోయాడు. అదే బర్నబాకు తరువాత మరొక చిక్కు వచ్చింది. యోహాను మార్కు మొదటి ప్రయాణంలో పంఫూలియా వద్ద వారిని విడిచి వెనక్కి వెళ్లిపోయాడు. మన కుర్రవాళ్ల భాషలో చెప్పాలంటే ఆట మధ్యలో వదిలిపోయినవాడు. రెండవసారి అతణ్ణి తీసుకుపోవడానికి పౌలు ససేమిరా అన్నాడు. ఒకప్పుడు తననే ఎవరూ నమ్మని సంగతి అప్పటికి మరచిపోయాడేమో! బర్నబా మార్కును తీసుకొని ఓడ ఎక్కాడు. ఆ మార్కు తనకు ఉపయోగపడేవాడని తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో ఉన్నది పౌలు మాటే. సంఘ సంప్రదాయం ప్రకారం మనకు సువిశేషం అందించినదీ ఆ మార్కే.

సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా విచారణ యువకుడొకడు మరొక ఆట సంగతి చెప్పాడు. జపానువారి ఫైనల్ ఫాంటసీ 14లో కొత్తవాని పేరు పక్కన చిన్న మొలక బొమ్మ కనిపిస్తుంది. ఒక ఘట్టానికి మొదటిసారి వచ్చినవాడు జట్టులో ఉంటే, దాన్ని ముగించినప్పుడు అందరికీ అదనపు బహుమానం ఉంటుంది. వ్యాపారం చేసుకునేవారికి తట్టిన ఈ ఆలోచన మనకెందుకు తట్టదు? మన గాయక బృందంలో కొత్తపిల్ల శ్రుతి తప్పితే మనం వెనక్కి తిరిగి చూసే చూపు మీకు తెలియనిది కాదు.

"మరి కావాలనే చెడగొట్టేవాళ్ల సంగతేమిటి ఫాదర్?" అని అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. తెలియక తప్పు చేసేవాడు వేరు, సొంత జట్టు మీదే బాంబు విసిరి నవ్వేవాడు వేరు. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన వరుస ఉంది: మొదట ఒంటరిగా చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. వాడి గొంతు వినిపించకుండా మూసివేసే మీట, నిర్వాహకులకు ఫిర్యాదు పంపే మీట ఆ ఆటలోనే ఉన్నాయి. వాడడం పిరికితనం కాదు. పసివాళ్లను బూతులతో బెదిరించేవాడి విషయంలో మొదటి మెట్టు కోసం ఆగనవసరం లేదు. తల్లిదండ్రులు వెంటనే ఫిర్యాదు చేయాలి. చివరికీ విననివాణ్ణి సుంకరిలా ఎంచమన్నారు ప్రభువు. ఆ మాట వ్రాసిన సువిశేషం పేరు సుంకరి మత్తయిదే, ఆ సుంకరి ఇంట్లో ఆయన భోజనం చేశారు కూడా.

పేరు తెలియని ఆ పిల్లవాడి కోసం రోజుకొక జపం చెప్పమన్నాను. దానితోపాటు, ఎప్పుడు ఆడినా కూలిపోయిన కొత్తవాణ్ణి ముందు లేపమన్నాను. రెండు వారాల తరువాత పూజవస్త్రాలు మడతపెడుతూ చెప్పాడు: "లేపుతున్నాను ఫాదర్. దానివల్ల మా జట్టు రెండుసార్లు ఓడిపోయింది. స్నేహితులు ఇప్పుడు నన్ను నూబ్ అంటున్నారు."