నిర్దోషికి నిషేధం న్యాయమేనా?

తప్పు చేయనివాణ్ణి, చేసే ఉద్దేశమైనా లేనివాణ్ణి ముందుగానే అడ్డుకోవడం ధర్మమా? ఈ పాత ప్రశ్న ఇవాళ సర్వర్లు నడిపేవాళ్ల ముందుకు కొత్త రూపంలో వస్తోంది. డిస్కు నిండుతోందని మైఎస్‌క్యూఎల్ డేటాను కొత్త డిస్కులోని వేరే డైరెక్టరీకి మారుస్తారు. కాన్ఫిగ్ ఫైల్లో దారి సరిచేసి సర్వీసు స్టార్ట్ చేస్తే అది లేవదు. లాగులో 'పర్మిషన్ డినైడ్', ఎర్రర్ నంబరు 13. చూస్తే ఓనరు సరైనవాడే, పర్మిషన్లూ సరిగ్గానే ఉన్నాయి. అడ్డుకున్నది లినక్స్‌లోని భద్రతా కాపలా ఎస్‌ఈలినక్స్. ఆడిట్ లాగు తెరిస్తే నిషేధానికి కారణం ఒక్క వరుసలో కనిపిస్తుంది: మైఎస్‌క్యూఎల్‌డీ_టీ అనే ముద్రతో నడుస్తున్న ప్రోగ్రాము, డీఫాల్ట్_టీ అనే ముద్ర ఉన్న డైరెక్టరీలో రాయబోయింది. ఆ దారికి డేటాబేసు ముద్ర చెందుతుందని సెమానేజ్‌తో పాలసీలో నమోదు చేసి, రిస్టోర్‌కాన్‌తో ఆ ముద్ర వేస్తే సర్వీసు లేస్తుంది. రెండు కమాండ్ల పని. అయినా చాలామంది చేయి ముందుగా వెళ్లేది సెట్‌ఎన్‌ఫోర్స్ 0 వైపే. కాపలా మొత్తాన్నీ పక్కన పెట్టేస్తారు.

ఇది తొందరపాటు మాత్రమే కాదు, దీని వెనక ఒక నమ్మకం ఉంది: నిర్దోషిని ఆపే నియమం తప్పుడు నియమమని. ఈ నమ్మకంతో నాకు పేచీ ఉంది. మైఎస్‌క్యూఎల్ గుణాన్ని ఎస్‌ఈలినక్స్ శంకించడం లేదు. ఈ పనికి ఎంత అధికారం అవసరం అని మాత్రమే అడుగుతోంది. పనికి కావలసినంతకు మించి ఏ ప్రోగ్రాముకూ అధికారం ఉండకూడదన్న సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే స్పష్టంగా రాశారు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000లో బయటపెట్టిన ఎస్‌ఈలినక్స్, 2003లో లినక్స్ కెర్నెల్ 2.6లో భాగమైంది. ఇవాళ బుద్ధిగా నడిచే డేటాబేసు రేపు ఒక లోపం వల్ల దాడి చేసినవాడి చేతిలో పనిముట్టు కావచ్చు. అప్పుడు దాని మంచి చరిత్ర ఎవర్నీ కాపాడదు. దాని చుట్టూ ముందే గీసిన గీతే కాపాడుతుంది.

ఎవరి పని వారికి, ఎవరి హద్దు వారికి అనే మాట మన నేలమీద ఏం చేసిందో చూడలేదా అని ఎవరైనా నిలదీయవచ్చు. ఇది బలమైన అభ్యంతరం, తేలిగ్గా దాటవేయదగింది కాదు. స్వధర్మం పేరుతో పుట్టుకకు హద్దులు గీసే వర్ణవ్యవస్థను సమర్థించినందుకు భగవద్గీతను అంబేడ్కర్ తీవ్రంగా విమర్శించాడు. కానీ ఆ హద్దు మనిషి మీద వేసింది, కారణం అడిగే హక్కు లేకుండా వేసింది, దాన్ని చెరిపే దారి మూసి మరీ వేసింది. ఇక్కడి ముద్ర పనికి వేసింది. ఎందుకు కాదన్నదో సాధారణంగా రాసి చూపుతుంది. సరైన కారణం చూపితే మారుతుంది. నిషేధం న్యాయమైనదా కాదా అని తేల్చేవి ఈ మూడే: కారణం చెప్పడం, నమోదు చేయడం, దిద్దుబాటుకు ఒప్పుకోవడం. ఇవి లేని హద్దును ధిక్కరించాలి. ఇవి ఉన్న హద్దును, అది తనకు అడ్డొచ్చిందన్న ఒక్క కోపంతో కూల్చడం అధికారమే తప్ప న్యాయం కాదు.

అర్ధరాత్రి వ్యాపారం ఆగిపోయినప్పుడు ఈ విచారణకు తీరికెక్కడిది అంటారు. నిజమే, ఆ ఒత్తిడి చిన్నది కాదు. అయితే అందుకూ ఇరుకైన దారి ఉంది: ఆ ఒక్క డేటాబేసు డొమైన్‌నే తాత్కాలికంగా పర్మిసివ్‌లో, అంటే అడ్డుకోకుండా నమోదు మాత్రమే చేసే స్థితిలో, పెట్టవచ్చు. మిగతా సర్వర్‌కు కాపలా అలాగే ఉంటుంది, నిషేధించవలసినవేవో లాగులో పడుతూనే ఉంటాయి. నాకు ఇంతకన్నా ప్రమాదంగా తోచేది ఆడిట్2అలౌను గుడ్డిగా వాడడం. లాగులో ఉన్న ప్రతి తిరస్కారాన్నీ అనుమతిగా మార్చే నియమాన్ని అది రాసిపెడుతుంది. తప్పు ముద్రపడ్డ డైరెక్టరీని సరిచేయడానికి బదులు, డీఫాల్ట్_టీ ముద్ర ఉన్న ప్రతిచోటా డేటాబేసు రాసుకోవచ్చని చట్టమే మారిపోతుంది. అప్పుడు ఎస్‌ఈలినక్స్ ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ హద్దు మాత్రం ఉండదు.