మరల చదువవలసిన విద్య

చోరులు హరింపలేని ధనము విద్య యని పెద్దలందురు. చోరుడు హరింపలేని దానిని కాలము హరింపదా? ఒకసారి సంపాదించిన అర్హత జీవితాంతము చెల్లునా? ఈ ప్రశ్నకు రోగి శయ్యకడ లభించు సమాధానమే మిక్కిలి స్పష్టమైనది.

తెలుగునాట నర్సింగు చదివి, వివాహానంతరము భర్తతో అమెరికా చేరిన స్త్రీలు పలువురు కలరు. వీసా నిబంధనల వలననో, పసిబిడ్డల పెంపకము వలననో పదేండ్లు గడచిపోవును. పిమ్మట వృత్తిలో ప్రవేశింపదలచినచో ఎన్‌క్లెక్స్ అను లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణులు కావలెను. పగలు ఇంటిపని, రాత్రి పుస్తకములు. ఒకనాడు కంఠస్థమైన మందుల మోతాదులు నేడు జ్ఞప్తికి రావు. "పట్టా ఉన్నది, వార్డులో పనిచేసిన అనుభవమున్నది, మరల పరీక్ష యేల?" అని మనస్సు నొచ్చుకొనును. ఇది అహంకారమని త్రోసివేయరాదు. ఆ బాధలో న్యాయము కలదు.

ఈ పరీక్ష 1994 నుండి కంప్యూటరుపై జరుగుచున్నది. సమాధానము సరియైనచో తరువాతి ప్రశ్న కఠినమగును, తప్పినచో సులభమగును. 2023 ఏప్రిల్‌లో వచ్చిన నూతన విధానమున కనీసము 85, గరిష్ఠముగ 150 ప్రశ్నలు, 5 గంటల వ్యవధి ఏర్పరచిరి. రోగి వృత్తాంతము నిచ్చి, ఏ లక్షణమును ముందు గుర్తింపవలెను, ఏ పని ముందు చేయవలెను అని అడుగుదురు. వల్లించిన పాఠము ఇచట కొంతవరకే ఉపకరించును.

కాలము విద్యపై రెండు విధములుగ పనిచేయును. కొంత చెరిపివేయును, కొంత చెరుపకయే పాతదిగ మిగుల్చును. మొదటిదానికన్న రెండవది అపాయకరము. గుండె ఆగినవారికి తొలుత శ్వాసమార్గము సరిచేసి, ఊపిరి యూది, పిమ్మట ఱొమ్ము నొక్కవలెనని 2010కి పూర్వము చదివినవారు నేర్చిరి. ఆ సంవత్సరము అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ క్రమమును మార్చి, ముందుగ ఱొమ్ము నొక్కుటయే ఆరంభింపవలెనని సూచించెను. 2015లో పెద్దలకు నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కవలెనని వివరించెను. పాత పాఠమును చక్కగ జ్ఞప్తియందుంచుకొన్నవారే ఇచట అమూల్యమైన క్షణములను పోగొట్టుదురు. మరచితినని ఎరిగినవారు పుస్తకము తెరతురు. తెలియునని నమ్మినవారు తెరువరు.

గురుకులమున విద్య ముగించి ఇంటికి మరలు శిష్యునకు, అధ్యయనమును ఉపేక్షింపవలదని తైత్తిరీయోపనిషత్తులోని ఆచార్యుడు బోధించును. చదువు ముగిసిన వేళనే ఆ మాట చెప్పుట గమనింపదగినది.

అడ్డదారులును లేకపోలేదు. ఫ్లోరిడాలో 7,600కు పైగా బూటకపు నర్సింగు పట్టాలు విక్రయింపబడినవని అమెరికా ప్రభుత్వము 2023 జనవరిలో ప్రకటించెను. వాటిని కొన్నవారిలో కొందరు ఈ పరీక్షలోను నెగ్గిరి. కావున పరీక్షయే సర్వస్వము కాదు. కర్ణుడు అసత్యమాడి పరశురామునికడ అస్త్రవిద్య గ్రహించెను. ప్రాణాపాయ సమయమున అది స్ఫురింపలేదు. ఆనాడు నష్టపోయినవాడు కర్ణుడే. నర్సు విద్య స్ఫురింపనినాడు నష్టపోవునది, ఏ పాపము నెరుగని రోగి.

ఇంతకును ఈ పరీక్ష ఎవరిది? తెరపై అక్షరములను చూపునది యంత్రమే గాని, ప్రశ్నించునది రేపు ఆమె చేతులలో పడబోవు మనుష్యుడు. స్పృహ తప్పినవాడు, "అమ్మా, నీ చదువు ఏనాటిది?" అని అడుగలేడు. వాని పక్షమున ముందుగ అడుగబడు ప్రశ్న యిది. అట్లు తలంచినచో అవమానభావము తొలగును. ఒక పర్యాయము తప్పినను, 45 దినముల గడువు తరువాత మరల కూర్చుండుటకు సిగ్గుపడవలసిన పని లేదు.

ఇందు ఇంటివారికిని పాలు కలదు. సాయంకాలము రెండు గంటలు బిడ్డలను చూచుకొని, ఆమెకు నిశ్శబ్దమును కల్పించిన భర్తయు, అత్తమామలును ఎన్నడును చూడని ఏ రోగికో సేవ చేసినవారే యగుదురు.

పాతికేండ్లలోపు చదివిన చదువు పట్టాను తెచ్చెను. నడివయస్సున, నిద్ర మానుకొని చదువు చదువు పరుల ప్రాణమునకు పూచీ పడుటకై చదువునది. రెంటిలో ఏది గొప్పదో చెప్పనక్కరలేదు.