మిగిలిన కాల మెవరిది?

నందిగామ మీదుగను, జగ్గయ్యపేట చేరువగను పోవు హైదరాబాదు–విజయవాడ రహదారి ప్రక్కను, పగలు చదువుకొని సాయంకాలము రెండు గంటలు కార్లు కడుగు పడుచువాండ్రు గలరు.

అట్టి యొకని పనిని మేము చూచితిమి. సిమెంటు కర్మాగారముల సీమ యగుటచే కార్లపై దుమ్ము దట్టముగా బేరుకొనును; పొడిగుడ్డతో రుద్దినచో రంగుపై గీతలు పడును. ఆతడు కారును నీడకు దెచ్చి, దుమ్మును ముందు నీటితో నానజేసి, పైకప్పునుండి క్రిందికి దిగుచు తుడిచెను. సబ్బునీటి కొక బాల్చీ, గుడ్డ జాడించుట కొకటి. చక్రములకు వేఱు గుడ్డ. చేసినది మరల చేయ బనిలేక, గంట పట్టు కారు నలువది నిమిషములలో ముగిసెను.

యజమాని సంతసించి వెంటనే యింకొక కారు చూపెను. కూలి మాత్రము పూర్వపు గంటల లెక్కయే. మరునాటినుండి యా పడుచువాడు మరల గంట కొక కారే కడుగసాగెను. సోమరితనమని మందలింపబోయి మే మాగితిమి.

నీరు, తావు, యంత్రము యజమానివి, నిజమే. ఆతని నేర్పు మిగిల్చిన యిరువది నిమిషములును యజమానివే యగునా? కారు కింతయని కూలి యేర్పఱచిన సరి యందురు కొందఱు. అప్పుడు దుమ్ము నాననీయక రుద్దుటకే యాస పుట్టును. రస్కిను 1860లో వ్రాయగా గాంధీజీ 1908లో ‘సర్వోదయ’మను పేర గుజరాతీలో సంగ్రహించిన ‘అన్ టు దిస్ లాస్ట్’, కడపట వచ్చిన కూలివానికిని నిండుకూలి యిచ్చిన బైబిలులోని ద్రాక్షతోట కథనుండి పేరు గొన్నది. అంత యౌదార్యము మేము కోరము. పని చక్కగా ముగిసిననాడు కూలి కోయక వానిని చదువునకు బంపిన జాలును.

యజమానినే యననేల? గిన్నెలు వేగముగా దోమిన పనిమనిషికి, “తీరికయే గదా” యని మనము బియ్యపు చేట యందింపమా? పోయిన యాదివారము మా యింటనే యది జరిగినది.