బండమీద నుండి పాపవిమోచనం



1863 జూలై 2. అమెరికా అంతర్యుద్ధం. గెటిస్‌బర్గ్ పొలాల్లో ఐరిష్ బ్రిగేడ్ సైనికులు సుమారు 530 మంది బారులుతీరి నిలిచారు. వీరిలో ఎక్కువమంది కతోలికులు. కరవుకు తాళలేక ఐర్లండు విడిచి ఓడలెక్కిన కుటుంబాల బిడ్డలెందరో వారిలో ఉన్నారు. సైన్యంలో స్వచ్ఛందంగా చేరిన సాధారణ సైనికునికి నెలకు 13 డాలర్ల జీతం, తినడానికి రాయిలాంటి ఎండు రొట్టె. ఆ యుద్ధంలో తుపాకి గుండుకంటే విరేచనాలు, టైఫాయిడ్ వంటి రోగాలే ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్నాయి.

ఆ రోజు వారి గురువు విలియం కార్బీ ఒక బండ ఎక్కి నిలిచారు. ఒక్కొక్కరి పాపసంకీర్తనం వినే వ్యవధి లేదు. హృదయపూర్వకంగా పశ్చాత్తాపపడమని చెప్పి, చెయ్యెత్తి అందరికీ పాపవిమోచనం ఇచ్చారు. సైనికులు మోకరించారు. పిమ్మట గోధుమ చేనులో పోరుకు నడిచారు. చనిపోయినవారు, గాయపడినవారు, జాడ తెలియనివారు కలిసి సుమారు 200 మంది.

అయితే శ్రీసభ బోధ ఒకటుంది. ఇలా పాపవిమోచనం పొంది బ్రతికి బయటపడినవారు, తమ ఘోర పాపాలను తరువాత గురువు వద్ద విడిగా చెప్పుకోవాలి. ప్రాణభయంలో వంగిన మోకాలు, భయం తీరాక కూడా వంగాలి.

ఈ ఉదయం నిద్రలేచిన మనమూ బ్రతికి బయటపడినవారమే. మనకు వ్యవధి ఉంది, గుడిలో గురువున్నారు. అయినా "క్రిస్మస్‌కు చూద్దాం" అంటాం. గట్టు తగాదాతో మాటలు మానుకున్న తమ్ముణ్ణి "వాడే రానీ" అంటాం.

ఆ సైనికునికి దొరకని వ్యవధి మనకు దొరికింది. ఈ శనివారమే వెళదాం. దారిలో తమ్ముని ఇంటి తలుపు తడదాం.