యోవాబు చేనిలో నిప్పు

ధ్యాన భాగములు : 2 సమూయేలు 14:28–33, నిర్గమకాండము 22:6



కొంతకాలము క్రిందట మా సంఘ యౌవనస్థుడొకడు నన్నిట్లడిగెను: "అయ్యగారూ, మూడు మారులు అర్జీ పెట్టితిమి, ఎవరును చూడలేదు. అదే ఒక బస్సు తగలబడిన యెడల సాయంత్రమునకే అధికారులందరును పరుగెత్తి వత్తురు గదా! అది తప్పెట్లగును?" వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా వాని మాటలో సగము నిజమే.

ఈ ప్రశ్న మన వేదములోనే కలదు. అబ్షాలోము రెండేండ్లు యెరూషలేములో నుండియు రాజు ముఖము చూడలేదు. యోవాబునకు రెండు మారులు కబురంపెను; అతడు రాలేదు. అప్పుడు అతని యవల చేనిని తగులబెట్టించెను. యోవాబు వెంటనే వచ్చెను, రాజదర్శనమును దొరికెను. పని జరిగినది. పని జరిగినది గనుక అది న్యాయమందుమా?

మొదటిది, నిప్పు పెట్టించినవాడు చేనిలోనికి పోలేదు. తన దాసులను పంపెను. నేడును అంతే. పురికొల్పువారు వెనుక నుందురు. కేసులు, చెరసాల బీదవాని బిడ్డలకు. 2022 జూన్ 17న సికింద్రాబాదు రైల్వే స్టేషనులో, అగ్నిపథ్ పథకమువలన ఆశ భంగమైన యువకులు రైలుపెట్టెలకు నిప్పంటించిరి. వారి వేదన అబద్ధము కాదు. దేహదారుఢ్య పరీక్ష నెగ్గి, వ్రాత పరీక్షకై కాచుకొన్నవారు వారిలో నుండిరి. అయితే పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించెను. అటువంటి అల్లరులలో పాల్గొనలేదని ధ్రువపరచినవారినే చేర్చుకొందుమని సైన్యాధికారులు ప్రకటించిరి. ఏ ఉద్యోగము కొరకు నిప్పు పెట్టిరో ఆ నిప్పే ఆ ఉద్యోగమునకు అడ్డమాయెను.

రెండవది, నిప్పు మన మాట వినదు. ఖాళీ పెట్టె యనుకొందుము. లోపల ఎవరు నిద్రించుచున్నారో ఎవరెరుగుదురు? మంట తగులక మునుపే పొగ ప్రాణము తీయును. సమ్సోను ఫిలిష్తీయుల పైరునే కాల్చెను. ఆ పగ చివరకు అతని భార్యను, మామను అగ్నిపాలు చేసెను. అందుచేతనే ముండ్లకంపకంటుకొన్న నిప్పు పొరుగువాని పంటను కాల్చినయెడల అంటించినవాడే నష్టమియ్యవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది. మన దేశపు 1984వ సంవత్సరపు చట్టమును ప్రజల ఆస్తిని నిప్పుచేత పాడుచేసినవానికి పదేండ్లవరకు శిక్ష విధించుచున్నది.

మూడవది, అబ్షాలోము ఆ దినమున నేర్చిన పాఠమేమి? బలవంతముచేత ఏదైనను దొరకునని. మరుసటి అధ్యాయములోనే తండ్రిమీద తిరుగుబాటు మొదలుపెట్టెను. కడకు ఆ యోవాబు చేతనే హతుడాయెను.

ప్రభువు దేవాలయములో బల్లలు పడద్రోయలేదా యని కొందరడుగుదురు. పడద్రోసెను. కాని పట్టపగలు, తన చేతులతో, ముఖము దాచుకొనక చేసెను. ఏమియు కాల్చలేదు. గువ్వలనైతే తీసికొనిపొమ్మని వాటిని అమ్మువారికే చెప్పెను. సమరయ గ్రామముమీదికి ఆకాశమునుండి అగ్ని రప్పింతుమా యని శిష్యులడిగినప్పుడు వారిని గద్దించెను.

అట్లని నోరు మూసికొని యుండుమని నేను చెప్పను. ఫిలిప్పీలో పౌలు రహస్యముగా వెళ్లిపోవుటకు ఒప్పుకొనక, అధికారులే వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెననెను. నెహెమ్యా బీదల మొర విని, సభ కూర్చి, ప్రధానులను ముఖాముఖిగా నిలదీసెను. అది ధైర్యము. చీకటిలో అగ్గిపుల్ల గీయుట ధైర్యము కాదు.

యోవాబులకును ఒక మాట. రెండు మారులు పిలిచినను రానివాడు ఆ మంటలో నిర్దోషి కాడు. అధికారులే కాదు, సంఘ పెద్దలమైన మనమును ఇది ఆలోచించుకొనవలెను. ఆ యౌవనస్థునితో నేను కడకు చెప్పినది ఇంతే: "నాలుగవ అర్జీ వ్రాయుము, నాయనా. ఈమారు నేనును నీతోకూడ వచ్చెదను." అంతకుముందు మూడు మారులు నేను వెళ్లకపోవుట నా తప్పు.

ప్రభువు మన కోపమును పరిశుద్ధపరచును గాక. ఆమేన్.