పాత బండి, కొత్త రేకు

ఏదైనా వస్తువు పాతబడగానే దాన్ని ఎవరికి అంటగడదామా అని ఆలోచించడం మన ఆడవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. నేనూ అందుకు మినహాయింపు కాదు. నా చిన్నప్పుడు మా బందరులో స్టీలు సామాన్లవాడి కేక వినబడితే చాలు, అటకల మీంచి ఇత్తడి గంగాళాలూ, రాగి కాగులూ బిలబిలా దిగిపోయేవి. మూడు తరాల నాటి గంగాళం ఇచ్చేసి, ముఖం కనబడే నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చుకుని, వాడినేదో మోసం చేసినట్టు లోలోపల మురిసిపోయేవాళ్లం. ఇప్పుడు ఆ గంగాళాలే పెద్ద హోటళ్ల గుమ్మాల్లో గులాబి రేకులు తేలేసుకుని కూచుంటే, పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నాం. వాడు మనని చూసి ఎంత నవ్వుకున్నాడో!

అలాంటి దాన్ని కనుకనే, 2023 వేసవిలో అమెరికాలో మా చెల్లెలింటి పక్కనున్న పెద్దాయన చేస్తున్న పని చూసి మొదట నాకు నవ్వొచ్చింది.

మా చెల్లెలు వాళ్లు ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ శివార్లలో ఉంటారు. అక్కడ ఇంటింటికీ కారు పెట్టుకునే షెడ్డు ఒకటి ఉంటుంది. ఈయన షెడ్డులో మాత్రం కారుకి చోటు లేదు. పాత ట్రక్కొకటి చక్రాలు ఊడదీయించుకుని దిమ్మల మీద కూచుని ఉంది. 1951 నాటి షెవర్లె పికప్. ముందు మనుషులు కూచోడానికి బొద్దుగా గుండ్రటి డబ్బా, వెనక సామాను వేసుకోడానికి తొట్టి. తొట్టి అడుగున చెక్క పలకలూ, వాటి మధ్య ఇనప పట్టీలూ. మన ఊళ్లలో కూరగాయలు తోలే ట్రాలీ ఆటోకి తాతగారనుకోండి. 1947లో మొదలుపెట్టి 1955 దాకా ఇదే రూపంలో తయారుచేశారు. ఈ బండి వాళ్ల నాన్నగారు పొలం పనులకని కొత్తగా కొన్నదిట. ఆయన పోయాక ఏళ్ల తరబడి కొట్టంలో పడి ఉండి, ఈయన రిటైరయ్యాక ఇంటికి చేరింది.

“ఆ డబ్బుతో కొత్తది రాదుటే?” అన్నాను మా చెల్లెలితో.

“అన్నిటికీ నీకు అదే లెక్క కదక్కా” అంది అది, వంటింట్లోకి పోతూ.

ఆ మాట నాకు చురుక్కుమంది. ఎందుకు చురుక్కుమందో తర్వాత చెబుతాను.

ఒహాయోలో చలికాలం రోడ్ల మీద మంచు పేరుకోకుండా ఉప్పు చల్లుతారు. సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పు తినే ఊరిదాన్ని, ఉప్పు ఇనుముని ఏం చేస్తుందో నాకొకరు చెప్పాలా? ఆ బండి తలుపుల కిందా, డబ్బా వెనక మూలలా, కాళ్లు పెట్టుకునే చోటా జల్లెడైపోయింది. నేను చూస్తూ ఉండగా ఆయన ఒక మూల వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది.

ఇలాంటి చిల్లులకి సులువైన మందు ఒకటుంది. లప్పం. మన రంగులవాళ్లు గోడలకి పెట్టే లప్పం లాంటిదే, రేకులకి పెట్టేది వేరే దొరుకుతుంది. చిల్లు పూడ్చి, గరుకు కాయితంతో రుద్ది, పైన రంగేస్తే బండి పెళ్లికూతురిలా ఉంటుంది. కానీ తుప్పు లోపల తన పని తను చేసుకుపోతూనే ఉంటుంది. కొన్నాళ్లకి రంగు బుడగలు లేస్తుంది. పెద్దాయన ఆ పని చెయ్యలేదు. తుప్పు ఎక్కడిదాకా పాకిందో అక్కడిదాకా, దాటి ఇంకో వేలెడు, మంచి రేకు తగిలేదాకా కోసేశారు.

తర్వాత చేసిన పని చూసి నేను కదలలేకపోయాను. కోసిన తుప్పు ముక్కని ఆయన పారెయ్యలేదు. దాన్ని అట్ట మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశారు, మనం కొత్త గుడ్డ మీద పాత జాకెట్టు పరిచి సుద్దతో గీసుకున్నట్టు. తుప్పు తినేసిన చోట, అవతలి వైపు మూల చూసి పూరించారు. ఆ అట్టని బట్టి కొత్త రేకు కత్తిరించారు. మిల్లీమీటరు కంటే ఓ పిసరు మందం, అంతే. దాన్ని ఇసక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో ఒంపు తెచ్చి, వెనక ఇనప దిమ్మ ఆనించి ముందునుంచి సుత్తితో సాపు చేశారు. మధ్యమధ్య పాత ముక్క పక్కన పెట్టి, కళ్లు మూసుకుని రెండిటినీ వేళ్లతో తడిమి చూసుకునేవారు. వెల్డింగు కూడా ఒక్క ఊపున చెయ్యరు. ఈ చివర ఒక చుక్క, ఆ చివర ఒక చుక్క. చల్లారేదాకా ఆగి మళ్లీ ఇంకో చుక్క. తొందరపడి ఒకేసారి గీత లాగితే వేడికి రేకు అలలు తిరిగిపోతుందిట. మూరెడు అతుక్కి ఒక పూట పట్టింది.

నాలుగో రోజు ఉండబట్టలేక అడిగేశాను. “నేల రేకు కొత్తది, మూలలు కొత్తవి, తొట్టి చెక్కలు కొత్తవి. ఇంకా ఇది మీ నాన్నగారి బండేనంటారా?”

ఆయన నవ్వి, డ్రైవరు తలుపు దగ్గరున్న చిన్న బిళ్ల చూపించారు. దాని మీద నంబరుంది. “చట్టానికి మా నాన్న బండి అంటే ఇదే. తక్కినవి ఏం మార్చినా నా ఇష్టం. దీన్ని మారిస్తే మాత్రం నేరం” అన్నారు.

చట్టం సంగతి సరే. మనసు సంగతేమిటి?

ఈ ప్రశ్న నా సొంతం కాదు. బి.ఏ.లో ఫిలాసఫీ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గ్రీకు వీరుడు థీసియస్ ఎక్కి వచ్చిన ఓడని ఏథెన్సు వాళ్లు చాలాకాలం దాచుకున్నారనీ, పుచ్చిన పలక తీసేసి కొత్త పలక వేస్తూ పోయారనీ, చివరికి అది ఆ ఓడా కాదా అని తత్వవేత్తలు రెండు పక్షాలై వాదించుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. 17వ శతాబ్దంలో హాబ్స్ అనే ఇంగ్లీషాయన దానికి మరో మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవరో ఏరి దాచి, అదే వరసలో కూర్చి ఇంకో ఓడ కట్టారనుకోండి. అప్పుడు థీసియస్ ఓడ ఏది? రూపం చెడకుండా నిలిచినదా, పాత పలకలున్నదా?

పరీక్షలో ఈ ప్రశ్నకి రెండు పేజీలు రాసి మార్కులు కొట్టేశాను. దాంతో నిజంగా పని పడుతుందని అప్పుడు నాకేం తెలుసు?

పెద్దాయనకి ఓడ కథ చెప్పి, “మీరు కోసిన ముక్కలన్నీ ఆ పెట్టెలో ఉన్నాయిగా, అవన్నీ అతికితే ఏమవుతుంది?” అన్నాను.

“తుప్పవుతుంది” అన్నారాయన తల ఎత్తకుండా.

“మరెందుకు దాచారు?”

కాస్సేపు ఆలోచించి, “పాతది ఎదురుగా లేకపోతే కొత్తదానికి ఆ ఒంపు రాదు. బండంతా అయ్యేదాకా వాటితో పని ఉంటుంది” అన్నారు.

ఇక నా చురుకు సంగతి.

మా అమ్మ 2014లో పోయింది. అమ్మమ్మ నుంచి ఆమెకి వచ్చిన కాసులపేరు మా ఇద్దరికీ మిగిలింది. 40 కాసుల చిన్న పేరు. ఒక్క పేరుని ఇద్దరికి పంచడం ఎలా? లాకర్లో మూలగడం తప్ప దాన్ని పెట్టుకునేదెవరు? మర్నాటి ఏడు, అంటే 2015లో, బజారుకి పట్టుకెళ్లి కరిగించి సరిసమానంగా రెండు గొలుసులు చేయించాను. తరుగూ మజూరీ నేనే పెట్టుకున్నాను. చెల్లెలి గొలుసు దాని చేతికిచ్చి, నా అంత న్యాయంగా పంచే అక్క ఎవరికీ ఉండదనుకున్నాను. అది “సరే” అంది. ఆ గొలుసు దాని మెళ్లో నేనెన్నడూ చూడలేదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లపాటు ఫోనులో పిల్లల చదువులూ, ఆవకాయ పార్సిళ్లూ మాట్లాడుకున్నాం. లప్పం అన్నమాట. పైకి నున్నగానే ఉంది.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ నేనే అడిగాను. “కాసులపేరు కరిగించానని నీకు కోపమా?”

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కరిగించినందుక్కాదక్కా. అందులో ఒక కాసు వంకరగా ఉండేది, నీకు తెలుసా?” అంది.

నాకు తెలీదు. తొమ్మిదో నెలలో అమ్మ ఒళ్లో పడుకుని, అప్పుడే వచ్చిన పళ్లతో ఇది కొరికి వంచేసిన కాసుట. ఆ ముచ్చట అమ్మ దానికి ఎన్నిసార్లు చెప్పిందో. “అమ్మ కావాలంటే సాపు చేయించుకోలేదా? చేయించలేదు. నువ్వు కరిగించేముందు ఒక్క ఫోను చేసుంటే ఫోటో తీసి పంపమనేదాన్ని. అంతే” అంది.

నేను దాన్ని తూకం వేయించాను కానీ చూడలేదు. తప్పు అక్కడుంది.

సరిగ్గా ఆ 2015లోనే పూరీలో జగన్నాథుడికి నవకళేబరం జరిగింది. ఆషాఢం అధికమాసంగా వచ్చిన ఏడు, వేపమాను వెతికి తెచ్చి కొత్త విగ్రహాలు చెక్కుతారు. కళ్లకి గంతలు కట్టుకుని, చేతులకి గుడ్డ చుట్టుకుని, పాత విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదాంట్లోకి మారుస్తారు. పాత విగ్రహాల్ని ఆలయం ఆవరణలోనే సమాధి చేసి, దైతాపతులు సొంతవాళ్లు పోయినట్టే మైల పడతారు. మార్చడమే తప్పయితే దేవుడికి చేస్తారా? కానీ మార్చేముందు ఆ చేతులు ఎంత భయపడతాయో, మార్చాక ఎంత ఏడుస్తాయో చూడండి. నేను బజార్లో రసీదు తీసుకుని ఆటో ఎక్కి వచ్చేశాను.

‘ప్రతి వస్తువునీ ఇలా పట్టుకు వేళ్లాడితే ఇల్లు మ్యూజియం అయిపోదూ?’ అని మీరనొచ్చు. నిజమే. ఆ పెద్దాయన కూడా అలా వేళ్లాడలేదు. 1951లో ఆ బండికి సీటు బెల్టులుండేవి కావు. ఈయన పెట్టించారు. నాన్నగారి బండిలో లేనివి ఎందుకు పెట్టారంటే, “మనవలు ఎక్కుతారు. మా నాన్న ఉంటే ఆయనే పెట్టించేవాడు” అన్నారు. కోడలు వచ్చి వంటిల్లు మార్చినా, కొడుకులు పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టినా నాకు తోచేది ఇదే. మార్చొద్దని కాదు. పాతదాని ఒంపు చేత్తో తెలుసుకుని, అడగాల్సినవాళ్లని అడిగి మార్చమని.

ఆ రాత్రితో మా మధ్య అంతా సర్దుకుందని చెప్పను. మర్నాడు కాఫీ దగ్గర ఒక మాట, నాలుగు రోజులాగి కారులో ఇంకో మాట. ఒకేసారి అతికేద్దామనుకుంటే రేకు ఏమవుతుందో చూశాను కదా.

నేను బయల్దేరే ముందురోజు మా చెల్లెలు ఒక అట్టముక్క తెచ్చింది. అటుకుల డబ్బా కోసి చేసిన బిళ్ల. అమ్మ పెళ్లి ఫోటో చూసీ, చిన్నప్పుడు తన బొటనవేలి కింద ఎంత ఉండేదో గుర్తుచేసుకునీ కత్తిరించిందట. అంచున ఒకచోట నొక్కు. “చిలకలపూడిలో చేయించి పంపు. బంగారం వద్దు” అంది.

చిలకలపూడి మా బందరుని ఆనుకునే ఉంది, రోల్డుగోల్డు నగలకి పేరు పడ్డ ఊరు. ఇప్పుడు హాబ్సుగారి మెలిక మా ఇంటికే వచ్చింది. అమ్మ బంగారమంతా మా ఇద్దరి బీరువాల్లో గొలుసులుగా ఉంది. చిలకలపూడి పేరులో అమ్మ బంగారం వీసమెత్తు ఉండదు. ఈ రెండిట్లో మా అమ్మది ఏది? రెండు పేజీలు కాదు, రెండు వాక్యాలు కూడా నాకు తోచడంలేదు. మీకు తోస్తే చెప్పండి.

కొట్టులో పనివాడు అట్టముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇక్కడ కత్తెర జారినట్టుందమ్మా. గుండ్రంగా సరిచేసి అచ్చు కొట్టమంటారా?” అన్నాడు.

“వద్దు బాబూ. తక్కిన ముప్ఫై తొమ్మిదీ గుండ్రంగా కొట్టు. ఈ ఒక్కటీ ఎలా ఉందో అలాగే రావాలి” అన్నాను.