మితాహారము ఎవరి వ్రతము?

శ్రీమద్భగవద్గీత ఆరవ అధ్యాయమున భగవానుడు అర్జునునకు ధ్యానయోగమును బోధించుచు, అతిగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము సిద్ధింపదని సెలవిచ్చెను. తగినంత ఆహారము గొనువానికే అది దుఃఖహారి యగునని గీతాబోధ. ఇది విన్నవారికి సహజముగా ఒక సందేహము కలుగును. తగినంత అనగా ఎంత? ఆ కొలతను నిర్ణయింపవలసినవారు ఎవరు?

మొదటి ప్రశ్నకు నేటి శాస్త్రము కొంతవరకు సమాధానము చెప్పుచున్నది. ఆహారము దేహమున కిచ్చు శక్తిని కేలరీలతో కొలుతురు. ఒక గ్రాము పిండిపదార్థము సుమారు 4 కేలరీలను, ఒక గ్రాము నేయి లేక నూనె సుమారు 9 కేలరీలను ఇచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారము, 65 కిలోల బరువుగల పురుషుడు కూర్చుండి పనిచేయువాడైనచో అతనికి దినమునకు సుమారు 2,110 కేలరీలు చాలును. కఠినశ్రమ చేయువానికి 3,470 వరకు కావలెను. కనుక కడప జిల్లా మెట్టచేలలో ఎండకు పనిచేసి వచ్చి పెద్ద సంగటి ముద్ద తినువాడు తిండిపోతు కాడు. సేద్యము మాని, కుర్చీలో కూర్చుండి, తాతలనాటి ముద్దనే తినువానికి మాత్రము అది అధికము. ఖర్చుకాని శక్తి కొవ్వుగా మారి దేహమున నిలిచిపోవును. కొలత ముద్దలో లేదు, ముద్దకును శ్రమకును గల పొత్తులో ఉన్నది.

రెండవ ప్రశ్న మరింత కఠినమైనది. దాని బరువును రాయలసీమ ఒకప్పుడు ప్రాణములతో తూచినది. 1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు కురియలేదు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల ప్రజలు కరువు పనులకు చేరి మట్టి త్రవ్వి, రాళ్ళు కొట్టి జీవించుచుండిరి. 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పని చేయు పురుషునకు దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమునకు సరిపడు పైకమును, దానిపై అర అణాను కూలిగా నిర్ణయించెను. మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ప్రతిఘటించెను. ఆ వేసవిలోనే మద్రాసు ప్రభుత్వము కూలిని కొంత పెంచవలసి వచ్చెను. 1871 జనాభా లెక్కతో పోల్చిన, 1881 నాటికి కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తగ్గినది. ఇదంతయు ఆ కూలివలననే జరిగినదని చెప్పరాదు. పంటలు లేమియు, ధరలును, రోగములును కూడ ఆ పాపమున పాలుగొన్నవి. అయినను కృశించిన దేహములకు ఆ కొలత చాలలేదు.

ఆ ధాన్యమున ఉన్న శక్తి సుమారు 1,600 కేలరీలు. ఇంచుమించు ఇంతే ఆహారముతో 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఒక పరీక్ష జరిగినది. యుద్ధమున ఆయుధము పట్టుటకు మనస్సాక్షి అంగీకరింపని 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, ఆకలిగొన్న ప్రజలకు మేలు కలుగునని తమంతట తామే ముందుకు వచ్చిరి. ఆరు మాసములలో వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గినది. చలి, నీరసము, చిరాకు వారిని ఆవరించినవి. పగలును రాత్రియు వారి తలపు అన్నము మీదనే ఉండెను. దృఢసంకల్పము గలవారికే ఇట్టి స్థితి కలిగినదనిన, ఆకలి కేవలము మనోదౌర్బల్యము కాదని తెలియుచున్నది. కడుపునుండి వెలువడు గ్రెలిన్ ఆకలిని లేపును. కొవ్వునుండి వెలువడు లెప్టిన్ దానిని అణచును. దేహము చిక్కినకొలది లెప్టిన్ తగ్గి, ఆకలి పెరిగి, దేహము తన ఖర్చును తానే తగ్గించుకొనును. ఆకలి ప్రాణమునకు కాపలాదారు. బరువు తగ్గ యత్నించి విఫలులైనవారిని ఇంటివారు పరిహసించుట అందువలన తగదు.

అట్లయిన ఇతరుల ఆహారమును ఎవరును నియమింపరాదా? వైద్యుడు మధుమేహ రోగికి పథ్యము చెప్పుటలేదా? తల్లి బిడ్డకు మిఠాయి తగ్గించుటలేదా? ఇవి దోషములు కావు. ఆ నియమము తినువాని మేలుకొరకు, వాని దేహమును కనిపెట్టి చేసినది. కరువునాటి కొలత ఖజానా భారము తగ్గించుటకై చేసినది. ధనము పరిమితమైనప్పుడు పొదుపు తప్పదనువారి మాటను త్రోసివేయలేము. కాని ఆ పొదుపు మొదట ఎవరి విస్తరిలో ప్రారంభము కావలెనన్నదే ధర్మప్రశ్న. 1866 నాటి కరువులో కర్నూలు సీమయందలి ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలను ఖాళీ చేసి వేలాది మంది ఆకలి తీర్చెను. ఆయన పొదుపు తన ఇంటినుండి మొదలైనది.

గాదె నిండియుండగా ఏకాదశినాడు ఉపవసించుట వ్రతము. గింజలేక పస్తుండుట వ్రతము కాదు. దానిని చూచి మితాహారమును ఉపదేశించుట అపచారము. పగలంతయు ఉపవాసమని చెప్పి ఫలహారము పేరిట రెట్టింపు తినుటయు వ్రతము కాదు. మితము తనకు, సమృద్ధి ఎదుటివానికి అనునదియే ఈ నియమమునకు ప్రాణము.

అహోబిలమునకో, దేవుని కడపకో పోయి పంక్తిలో కూర్చున్న యాత్రికుడు ఈ ధర్మమును తన విస్తరి ముందే నేర్చుకొనవచ్చును. చాలు అనుమాట తినువాని నోటినుండి రావలెను గాని, వడ్డించువాని నోటినుండి కాదు.